భిలాయి ఎండలో మైనం కోయడం

వాల్తేరు స్టేషన్

మే నెల నడిమధ్యలో భిలాయి వెళుతున్నానని చెబితే మా ఆసుపత్రి నర్సులంతా నన్ను జాలిగా చూశారు. ఉక్కు కొలుములున్న ఊరు, పైగా రోహిణి కార్తె దగ్గరపడుతోంది, అప్పడంలా వేగి తిరిగొస్తావన్నారు. నిజంగానే వేగి వచ్చాను. అయినా మళ్ళీ రమ్మంటే రేపే బయలుదేరతాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి.

రోగి ఒంట్లోంచి కోసి తీసిన చిన్న కండ ముక్క మా గదికి వస్తుంది. దాన్ని కుళ్ళకుండా ఫార్మలిన్‌లో నానబెట్టి, అందులోని నీరంతా తీసి, మైనంలో దిమ్మగా పోతపోసి, ఆ దిమ్మను ఉల్లిపొర కంటే ఎంతో పలచగా కోసి, స్లైడనే గాజు పలక మీద అతికించి, రంగులద్ది డాక్టరు గారి మైక్రోస్కోపు కింద పెడతాను. అది క్యాన్సరో కాదో చెప్పేది ఆయన. ఆయన చెప్పగలిగేలా ముక్కను తయారు చేసేది నేను. ఈ విద్యకు హిస్టాలజీ అని పేరు. నేను చెబుతున్నది ఎనభైల మొదటి సంగతి. అప్పటికి పదేళ్ళ పైచిలుకుగా ఈ పని చేస్తున్నా ఆసుపత్రి లెక్కల్లో నేను అటెండర్‌నే. రక్తం, మూత్రం పరీక్షలు నేర్పే కోర్సులు ఉండేవి గాని, మా పనికంటూ విడిగా చదువూ పట్టా మా చుట్టుపక్కల ఎక్కడా లేవు. పట్టా లేనివాళ్ళను టెక్నీషియన్ అనడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఆ ఏడు కొందరు పాథాలజీ డాక్టర్లు, మాలాంటి పనివాళ్ళు కలిసి మాకోసం ఒక పరీక్ష ఏర్పాటు చేశారు. రాత, చేతిపని, నోటి పరీక్ష, మూడూ ఉంటాయి. మధ్యప్రదేశ్, ఒరిస్సా, ఆంధ్ర, ఎక్కడివాళ్ళయినా రావచ్చు. భిలాయిలో ఒక ఆసుపత్రివారు తమ ప్రయోగశాలను ఇచ్చారు. పాసై వస్తే నా హోదా మార్పిస్తానని మా సూపరింటెండెంటు గారు మాటిచ్చారు. పరీక్ష తప్పితే, త్వరలో మంజూరు కాబోయే టెక్నీషియన్ ఉద్యోగంలోకి బయటినుంచి ఎవరో వస్తారు. నేను వాళ్ళకు పని నేర్పి, మళ్ళీ సీసాలు కడుక్కుంటూ కూచుంటాను.

మా ఆయన స్టేషన్‌కు వచ్చి మంచినీళ్ళ కూజా కిటికీలోంచి అందించారు. పరీక్ష పోతే పోయింది, ఊరు చూసి రమ్మన్నారు. ఓదార్పుగానే అన్నారు గాని, విజయనగరం దాటేదాకా ఆ మాట మీద నాకు కోపం తగ్గలేదు.

రాయగడ దాటాక

ఎవరి కత్తి వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. కోత యంత్రానికి బిగించే ఉక్కు కత్తి అది. జానెడు పొడవు, లావుపాటి వెన్ను, తల వెంట్రుకను నిలువునా చీల్చే అంచు. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, దిండు గలీబులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. పార్వతీపురంలో ఎక్కిన మామిడిపళ్ళ ఆసామి ఒకాయన, నేను బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్న ఆ మూటలో ఏముందని అడిగాడు. కత్తి అన్నాను. వెంటనే ఒక బంగినపల్లి తీసి, అయితే ఇది కొయ్యమ్మా, తలా ఒక ముక్క తిందాం అన్నాడు. ఆ కత్తికి మామిడి సొన తగలడమనే ఆలోచనకే నాకు చెమటలు పట్టాయి.

ఈ మాటలు పక్క పెట్టెలోని రైల్వే పోలీసు దాకా పాకినట్టున్నాయి. రాయగడ దాటాక వచ్చి మూట విప్పించాడు. కత్తి చూసి డాక్టరువా అన్నాడు. కాదన్నాను. నర్సా అన్నాడు. కాదన్నాను. మరి ఆసుపత్రి కత్తి నీ దగ్గర ఎందుకుంది అన్నాడు. ఒడియాలో అతను, తెలుగులో నేను చాలాసేపు కుస్తీ పట్టాం. చివరికి మామిడిపళ్ళాయన కలగజేసుకుని, ఈ అమ్మ పరీక్ష రాయడానికి పోతోంది, పళ్ళు కొయ్యమంటేనే కొయ్యలేదు, మనుషుల్నేం కోస్తుంది అని ఒడియాలో సర్ది చెప్పాడు. పోలీసు నవ్వి, ఒక పండు తీసుకుని వెళ్ళిపోయాడు. పండు ఖరీదు ఇస్తానంటే మామిడిపళ్ళాయన పుచ్చుకోలేదు.

టిట్లాగఢ్ దగ్గర అడవుల మీంచి వచ్చే గాలి మా సముద్రపు గాలిలా ఒంటికి అంటుకోదు. పొయ్యి మూత తీసినట్టు ముఖాన కొడుతుంది. రాయపూర్‌లో బండి మారి, లోకల్‌లో నిలబడి, భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో దిగేసరికి నా పెదవులు పగిలి ఉన్నాయి.

పవర్ హౌస్ బజారు

మా అమ్మ చెల్లెలు రాములమ్మ చిన్నమ్మ పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చేసింది. చిన్నాన్న మొదట ఉక్కు కర్మాగారం కట్టేటప్పుడు కాంట్రాక్టు కూలీగా పనిచేసి, తరవాత పవర్ హౌస్ బజారులో గోళీసోడా కొట్టు పెట్టాడు. ఎండాకాలం ఐసు కూడా అమ్ముతాడు. స్టేషన్ బయట సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "వచ్చీసినావా అమ్మా. ఏటిలాగ నల్లబడిపోనావు?" అన్నాడు. బండి దిగి ఇంకా అయిదు నిమిషాలు కూడా కాలేదు.

ఆ బజారు నడిచి చూడాల్సిందే. ఒక కొట్టులో మలయాళం, పక్క కొట్టులో పంజాబీ, ఎదురుగా బండి మీద పళ్ళమ్మే ఆవిడ నోట ఛత్తీస్‌గఢీ. తెలుగు మాత్రం ప్రతి సందులోనూ వినబడింది. ఆ తెలుగులోనూ సగం హిందీ. కొట్టుకు వచ్చిన ఒకాయన, "భయ్యా, నాకు ఫస్ట్ షిఫ్టుంది, బేగి ఒక సోడా కొట్టు" అంటుంటే, ఇది ఏ భాష కిందికి వస్తుందా అని ఆలోచించాను. ఉదయం ఫలహారం అటుకులు. అవి పసుపుపచ్చగా పోపు పెట్టి, పక్కన జిలేబీ పెట్టి ఇస్తారు. కారం, తీపి ఒకే ఆకులో కలిపి తినడం మన దగ్గర ఎరగం. రూపాయిలోపే పొట్ట నిండింది. రెండో రోజు నేనే అడిగి తిన్నాను.

మధ్యాహ్నం చిన్నమ్మ పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ గిన్నెతో బోరే బాసీ పంపింది. తీరా చూస్తే నీళ్ళలో నానిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మన తరవాణి అన్నానికి అక్కచెల్లెలు. ఎండ దెబ్బకు ఇదే మందని రెండు ఊళ్ళవాళ్ళూ ఒకరిని ఒకరు అడక్కుండానే కనిపెట్టారు.

మొదటి మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కర్మాగారం కూత వినబడి అగ్నిప్రమాదం అనుకుని కత్తిపెట్టెతో సహా వీధిలోకి పరిగెత్తాను. వీధిలో ఎవరూ తల కూడా తిప్పలేదు. షిఫ్టు మారిందంతే. చిన్నమ్మ ఈ సంగతి చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ చెప్పేసింది.

చిన్నమ్మ హిందీ

నోటి పరీక్ష హిందీలోగాని ఇంగ్లీషులోగాని ఉంటుందని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఇంగ్లీషులో మందుల పేర్లు, రంగుల పేర్లు వచ్చు గాని వాక్యాలు రావు. హిందీ అసలే రాదు. ఇంట్లో ఆ మాటే చెప్పాను. చిన్నమ్మ మాత్రం చీర కొంగు దోపుకుని, "ఏటుంది అందులో, నాను నేర్పుతాను కాదేటి" అంది.

చిన్నమ్మకు చదువు రాదు. ఆవిడ హిందీ అంతా కూరగాయల బజారులో పట్టింది. మర్నాడు పొద్దున్నే నన్ను సంతకు లాక్కెళ్ళింది. తాజాగా ఉన్నదాన్ని ఏమంటారు, వడిలినదాన్ని, కుళ్ళినదాన్ని, గట్టిదాన్ని, మెత్తదాన్ని, పలచగా కోయడాన్ని, కడగడాన్ని, ఆరబెట్టడాన్ని ఏమంటారో వంకాయలు చూపిస్తూ, బెండకాయలు విరుస్తూ చెప్పింది. కూరలమ్మే ఆడవాళ్ళు కూడా తలా ఒక మాట కలిపారు. కావాలనే నాచేత బేరాలాడించారు. నేను తడబడితే సొరకాయ ధర పెంచారు, సరిగ్గా మాట్లాడితే రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేశారు. ఇంటికి వచ్చేసరికి సంచిలో కొసరు మిరపకాయలే ఎక్కువున్నాయి.

ప్రయోగశాల

ఆ మధ్యాహ్నమే జరిగిన రాత పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బొమ్మలు గీసి, పేర్లు రాసి గట్టెక్కాను. అక్కడ నాకు పక్కన కూచున్నావిడతో స్నేహం కుదిరింది. జబల్పూర్ నుంచి వచ్చిన కమలా దీదీ, జుట్టు దాదాపు తెల్లబడిన మనిషి. భిలాయి పక్కనే ఉన్న చరోదా రైల్వే కాలనీలో తమ్ముడింట్లో దిగి అక్కడినుంచి వస్తోంది. మరుసటి ఏడే రిటైరవుతుందట. ఇక ఈ పట్టా ఎందుకని చేతి సైగలతో, కూరల హిందీతో అడిగాను. ఆవిడ తాపీగా చెప్పింది. రిటైరయ్యేనాడు సభ పెట్టి దండ వేస్తారు, ఫలానా కమలాబాయి, ఆయా, ఇన్నేళ్ళు పనిచేసింది అని చదువుతారు. ఆ ఆయా అనే మాట విననని ఆవిడ పంతం. ఎన్నేళ్ళుగానో ముక్కలు కోస్తూనే ఉంది మరి.

మర్నాడు చేతిపని. పదిమందిమి బారుగా యంత్రాల ముందు కూచున్నాం. పరీక్షకురాలు నాగపూర్ నుంచి వచ్చిన డాక్టరమ్మ. సన్నగా, తెల్ల చీరలో, ఎవరి దగ్గర ఆగినా చేతులవైపే చూసేది. చీటీలు తీయిస్తే నాకు చర్మం ముక్క వచ్చింది. మా పనిలో చర్మమంటే అందరికీ గుబులే. పైపొర గట్టిగా కత్తిని ఎదిరిస్తుంది, కింద కొవ్వు మెత్తగా చితికిపోతుంది. ఒకే ముక్కలో రాయీ వెన్నా ఉన్నట్టు.

ఎండ పెరిగేకొద్దీ మైనం మెత్తబడసాగింది. మైనం మెత్తబడితే పొర రాదు, ముడుచుకుపోయి పొడిపొడి అవుతుంది. దిమ్మ మీద ఐసు రుద్ది గట్టిపరిస్తేనే కోత సాగుతుంది. బల్ల మీద గిన్నెలో పెట్టిన ఐసు అందరి చేతులూ పడి ఇట్టే నీళ్ళయిపోయింది. ఒక్కొక్కరి యంత్రమూ ఆగిపోయింది. ఒరిస్సా నుంచి వచ్చిన కుర్రవాడు తల పట్టుకున్నాడు. నాకొచ్చిన చర్మం ముక్క మూడుసార్లు కోస్తే మూడుసార్లూ నలిగిపోయింది. దిమ్మలో మిగిలింది కొంచెమే. అదీ పాడైతే ఇంకో ముక్క ఇవ్వరు.

అప్పుడు గుర్తొచ్చింది, చిన్నాన్న పొద్దుటినుంచీ వరండా ముందు వేపచెట్టు నీడన సైకిలు పెట్టుకుని కూచునే ఉన్నాడని. వద్దన్నా వినకుండా, అన్నం కారియరు పట్టుకుని నా వెంటే వచ్చాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, మా వాళ్ళ కొట్టులో ఐసుంది, తెప్పించుకోవచ్చా అని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆవిడ, తెచ్చింది అందరికీ సమంగా ఇచ్చేట్టయితే సరేనంది. కిటికీలోంచి చిన్నాన్నను పిలిచి విషయం చెప్పాను. "నానుండగా నీకేటి భయం" అని సైకిలెక్కాడు.

ఆ ఎండలో ఆ వయసు మనిషి పవర్ హౌస్ దాకా వెళ్ళి, రంపపు పొట్టు చల్లి గోనెలో చుట్టిన పెద్ద ఐసు దిమ్మను వెనక కట్టుకుని తిరిగొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది, సగం చెమట, సగం ఐసు నీరు. ప్రయోగశాల గుమ్మంలోనే సోడా కొట్టు సుత్తితో దిమ్మ పగలగొట్టి, పళ్ళేల్లో పోసి ఒక్కొక్కరి బల్ల మీదా పెట్టాడు. డాక్టరమ్మ పోయిన సమయమంతా మళ్ళీ కలిపి ఇస్తానంది. గదిలో ఒక్కసారిగా పెళ్ళింటి సందడి వచ్చింది. యంత్రాల చక్రాలన్నీ మళ్ళీ తిరిగాయి.

నేను దిమ్మను విప్పి, చర్మం పైపొర కత్తికి చివర తగిలేలా తిప్పి బిగించాను. ఐసు రుద్ది, ఊపిరి బిగబట్టి చక్రం తిప్పాను. ఒక పొర వచ్చింది. దాని తోక పట్టుకుని రెండోది, దాని వెనకే మూడోది. రిబ్బనులా సాగి కత్తి మీంచి కిందికి వేలాడింది. గోరువెచ్చని నీళ్ళ మీద వదిలితే ఒక్క ముడత లేకుండా పరుచుకుంది.

అప్పుడే పక్కన కమలా దీదీ పొరల మీద నిలువు గీతలు కనబడ్డాయి. ఆవిడ కత్తి అంచు ఎక్కడో చిట్లింది. ఎక్కడ పెట్టి కోసినా గీత పడుతోంది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూచుంది. నా పొరలింకా గాజు పలక మీద ఆరలేదు, రంగులు వెయ్యలేదు. రంగుల్లో పొర ఊడిపోతే మళ్ళీ కోయడానికి నాకు కత్తి కావాలి. నా చేతులు కాసేపు ఆగాయి. తరవాత నా కత్తి మరలు విప్పి ఆవిడ యంత్రానికి బిగించాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, "తేరీ స్లైడ్ బిగడ్ గయీ తో?" అంది. నీ స్లైడు చెడిపోతే ఎలా అని. చెడదు అన్నాను, తెలుగులోనే. ఆవిడకు అర్థమైంది.

ఆవిడ కోస్తున్నంతసేపూ నేను నా స్లైడును ఒక రంగులోంచి ఇంకో రంగులోకి ముంచుతూ, ప్రతిసారీ పైకెత్తి వెలుతురులో చూసుకున్నాను. పొర ఊడలేదు. నీలం, గులాబీ రంగులు తేటగా విడివిడిగా నిలిచాయి.

నోటి పరీక్ష

సాయంకాలం డాక్టరమ్మతోపాటు ఇంకో పెద్దాయన కూచుని ప్రశ్నలడిగారు. ముక్కను ఫార్మలిన్‌లో వెయ్యడం ఆలస్యమైతే ఏమవుతుందన్నది మొదటి ప్రశ్న. నాకు వంకాయల బండి కళ్ళముందు కనబడింది. "బాసీ హో జాతా హై, మేడమ్. అందర్ సే గల్ జాతా హై. ఫిర్ కిత్నా భీ రంగ్ లగావ్, పహచాన్ మే నహీ ఆతా," అన్నాను. వడిలిపోయి, లోపల కుళ్ళాక ఎంత రంగు పూసినా ఆనవాలు దొరకదని. పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఈ హిందీ ఎక్కడ నేర్చుకున్నావన్నాడు. పవర్ హౌస్ కూరల బజారులో, నిన్నటినుంచీ అన్నాను. డాక్టరమ్మ కూడా నవ్వింది, కాని ప్రశ్నలు మాత్రం ఆపలేదు. ఎముకను మెత్తబరచడం, కత్తి సానబెట్టడం, రంగు పట్టకపోతే వెతకాల్సిన తప్పులు, వరసగా అడిగింది. బజారు మాటలు, మందుల ఇంగ్లీషు పేర్లు కలిపి అన్నిటికీ జవాబిచ్చాను.

సోడాల సభ

ఫలితాలు మర్నాడు సాయంత్రం వరండాలోనే చదివారు. ఇద్దరు తప్పారు. వాళ్ళను పక్కకు పిలిచి, లోపం ఎక్కడో చెప్పి, మళ్ళీ రమ్మన్నారు. మిగతావాళ్ళ పేర్లు డాక్టరమ్మ నిలబడి చదివింది. మొదటి పేరు కమలాబాయి. పేరు వెనకే "హిస్టాలజీ టెక్నీషియన్" అని చదివింది. దీదీ లేవలేదు. పక్కనున్న నేను భుజం మీద చెయ్యి వేస్తే లేచి, ముందుకు వెళ్ళి, పట్టా అందుకుని, అక్కడే నిలబడి ఆ రెండు మాటలూ తనలో తాను చదువుకుంది. చప్పట్లు ఆగేదాకానే కాదు, ఆగాక కూడా.

తరవాత నా పేరు వినబడింది. వెళ్ళి పట్టా అందుకుని వచ్చాను. వెనక వరసలో చిన్నమ్మ ఏడుస్తోంది. చిన్నాన్న మాత్రం దగ్గరికి వచ్చి, "అదేటమ్మా, నీ పేరెనకాల ఏదో చదివినారు, మళ్ళీ ఓపాలి చెప్పు" అన్నాడు. చెప్పాను. ఒకసారి తప్పుగా, రెండోసారి సరిగ్గా పలికాడు. ఇక ఆ రోజు పవర్ హౌస్ బజారులో కొట్టుకు వచ్చిన ప్రతివాడూ సోడా కంటే ముందు ఆ మాట వినాల్సి వచ్చింది. పరీక్ష రాసినవాళ్ళంతా, తప్పిన ఇద్దరూ సహా, కొట్టు ముందు బెంచీల మీద కూచుని సోడాలు తాగాం. డబ్బులిస్తామంటే చిన్నాన్న గల్లాపెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

వచ్చాక

ఇంటికి వచ్చిన వారంలోనే సూపరింటెండెంటు గారు మాట నిలబెట్టుకున్నారు. కాగితాలు పైకి వెళ్ళి రావడానికి కొంత కాలం పట్టింది గాని, ఆ కొత్త ఉద్యోగంలో నేనే చేరాను. ఇద్దరు ఆడపిల్లలను నా దగ్గర పని నేర్చుకోవడానికి వేశారు. జబల్పూర్‌లో దండ వేసిన నాడు ఏం చదివారో కమలా దీదీ తన తమ్ముడిచేత చిన్నాన్నకు కబురు పంపింది. ఆవిడ వినాలనుకున్న మాటే చదివారట.

నేను భిలాయి నుంచి బయలుదేరిన రోజు డాక్టరమ్మ నన్ను పిలిపించి ఒకటి అడిగింది. నేను కోసిన చర్మం స్లైడును ఆ ప్రయోగశాలలోనే ఉంచవచ్చా, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు చూపిస్తారు అంది. నేను తలూపాను. ఆవిడ నా ఎదుటే దాని కొసన చిన్న కాగితం అతికించి, నా పేరు నాచేతే రాయించి, తక్కిన స్లైడుల మధ్య పెట్టెలో నిలబెట్టింది.

మీరు భిలాయి వెళితే ఆ ఊరివాళ్ళు మీకు పొగగొట్టాలు చూపిస్తారు, సంజవేళ ఆకాశం మీద పడే కొలిమి ఎరుపు చూపిస్తారు. తప్పకుండా చూడండి, అంత వెలుగు నేను మరెక్కడా చూడలేదు. ఆ వెలుగుకు కొద్ది దూరంలోనే, ఒక ప్రయోగశాల బీరువాలో, చెక్కపెట్టెలో, నేను కోసిన పొర ఉంది. నీలం, గులాబీ రంగులు. ముడత లేదు.